జోహో వివాదం వెనుక ఉన్న ఫైల్ ఫార్మాట్ గొడవ

ప్రభుత్వ కార్యాలయాల్లో మైక్రోసాఫ్ట్ బదులు జోహో వాడాలన్న నిర్ణయం మీద వాదన మళ్లీ రాజుకుంది. స్వదేశీ సాఫ్ట్‌వేర్ వస్తుంటే అభ్యంతరమేమిటని ఒక పక్షం అడుగుతోంది. ప్రభుత్వం రాసిపెట్టుకున్న ఓపెన్ సోర్స్ (సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) విధానం ఏమైందన్నది రెండో పక్షం ప్రశ్న. 2025 అక్టోబర్ 3న కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ తన అధికారులను జోహో ఆఫీస్ సూట్ (పత్రాలు, లెక్కల షీట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడమని ఆదేశించడంతో విషయం అందరి దృష్టిలో పడింది. అప్పటికే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ చూసుకునే ప్రభుత్వ ఈమెయిల్ ఖాతాలు సుమారు 12 లక్షలు జోహో మీదికి మారిపోయాయి. 2023లో టెండరు పిలిచి ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం అది.

తొందరకు కారణం ఉంది. 2025 జులైలో రష్యా రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్న నయారా ఎనర్జీపై యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ ఈ కంపెనీదే. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కొద్ది రోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. కానీ డబ్బు కట్టి కొన్న సేవ భారత చట్టంతో సంబంధం లేని కారణానికి రాత్రికి రాత్రి ఆగిపోవచ్చని ఢిల్లీకి అర్థమైంది. ఆ భయం సరైనదే. దానికి వెతికిన మందు దగ్గరే పేచీ.

ఇవాళ్టి తగువుకు అసలు మలుపు 2007-08లో ఉంది. అప్పుడు జరిగిన పోరు సాఫ్ట్‌వేర్ కోసం కాదు, అందులో తయారయ్యే ఫైలు కోసం.

ఆఫీసు పత్రాలకు ఓడీఎఫ్ (ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్) అనే ఫార్మాట్‌ను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ తన ఓఓఎక్స్‌ఎంఎల్‌ను, అంటే మనం రోజూ చూసే డాక్స్ (.docx), ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (.xlsx) ఫైళ్ల ఫార్మాట్‌ను, ఎక్మా అనే ప్రమాణాల సంస్థ ద్వారా ఐఎస్‌ఓ ముందుకు తెచ్చింది. ఆ పత్రం దాదాపు 6,000 పేజీలు. దాన్ని ఫాస్ట్ ట్రాక్‌లో పెట్టారు.

పేజీలు ఎక్కువని మాత్రమే అభ్యంతరం చెప్పలేదు. ‘వర్డ్ 95 లాగా స్పేసింగ్ ఇవ్వు’ అన్న తరహా సెట్టింగులు అందులో ఉన్నాయి. వర్డ్ 95 స్పేసింగ్ ఎలా ఇచ్చేదో మాత్రం మొదటి ప్రతిలో రాయలేదు. మైక్రోసాఫ్ట్ కాక మరొకరు దాన్ని ఎలా అమలు చేయాలి? ఎక్సెల్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కిస్తుంది, లేని ఫిబ్రవరి 29ని ఆ ఏడాది 60వ రోజుగా లెక్కపెడుతుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ కాలం నుంచి వస్తున్న ఆ తప్పు కూడా ప్రమాణంలోకి ఎక్కింది. కొత్తగా స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్ రాసే హైదరాబాద్ కంపెనీ అయినా, సావో పాలో కంపెనీ అయినా ఆ తప్పును అలాగే తిరిగి రాయాలి.

భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌లోని కమిటీ దీన్ని పరిశీలించింది. ఓఓఎక్స్‌ఎంఎల్ వైపు ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో నిలబడ్డాయి. విద్యాసంస్థలు, ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్, ఎన్‌ఐసీ వంటివి వ్యతిరేకించాయి. 2007 సెప్టెంబర్‌లో భారత్ ‘వద్దు’ అని ఓటేసింది. ఆ విడతలో ప్రతిపాదన నెగ్గలేదు. ఐఎస్‌ఓ కమిటీలోని పూర్తి సభ్య దేశాల్లో మూడింట రెండు వంతులు అవసరం కాగా 32లో 17 మాత్రమే ఔనన్నాయి. 2008 ఫిబ్రవరి చివర జెనీవాలో ఐదు రోజులు కూర్చుని వెయ్యికి పైగా సవరణ ప్రతిపాదనలను తేల్చేశారు. మార్చిలో కొన్ని దేశాలు ఓటు మార్చుకోవడంతో అనుకూలం 24కు చేరింది, ప్రమాణం గట్టెక్కింది. దేశంలోని అతిపెద్ద ఐటీ కంపెనీలు ఒక వైపు ఉన్నా భారత్ మాత్రం మార్చుకోలేదు.

తర్వాత నాలుగు దేశాలు అప్పీలుకు వెళ్లాయి: దక్షిణాఫ్రికా, బ్రెజిల్, భారత్, వెనిజులా. సంపన్న దేశం ఒక్కటీ లేదు. లైసెన్సు ఖర్చు డాలర్లలో, జీతాలు స్థానిక కరెన్సీలో ఉండే దేశాలకే ఫార్మాట్‌లో చిక్కుకుపోవడం ఎంత ఖరీదో ముందు తెలిసింది. 2008 ఆగస్టులో అప్పీళ్లను తోసిపుచ్చారు.

ఆ ఓటమి తర్వాత వచ్చిందే 2010 నవంబర్‌లో కేంద్రం ప్రకటించిన ఈ-గవర్నెన్స్ ఓపెన్ స్టాండర్డ్స్ విధానం. ముసాయిదా దశలో పరిశ్రమ సంఘాలు ఒక్కో పనికి ఒకటికి మించి ప్రమాణాలు ఉండనివ్వాలని, సహేతుకమైన రుసుముతో పేటెంట్లకు చోటివ్వాలని గట్టిగా అడిగాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలు, విద్యావేత్తలు ఒప్పుకోలేదు. చివరికి నిలిచినవి ఇవి: ఒక పనికి వీలైనంత వరకు ఒకే ప్రమాణం, దానిపై పేటెంటు రాయల్టీ ఉండకూడదు, దాన్ని లాభాపేక్ష లేని సంస్థ అందరి భాగస్వామ్యంతో నిర్వహించాలి, అవసరమైన చోట అధికార భారతీయ భాషలన్నిటికీ అనువుగా ఉండాలి. రాయల్టీ లేనిది దొరకనప్పుడు మాత్రమే తాత్కాలికంగా మినహాయింపు. అభివృద్ధి చెందుతున్న ఏ దేశమైనా గర్వంగా చూపించుకోదగ్గ పత్రం అది.

2015 మార్చిలో వచ్చిన ఓపెన్ సోర్స్ విధానం పేరుకు దీనికన్నా పెద్దది, పట్టుకు మాత్రం చిన్నది. ప్రతి టెండరులోనూ ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలని నిబంధన పెట్టాలి, దాన్ని వదిలేస్తే సరఫరాదారు కారణం చూపాలి అంటుంది. కారణం రాసి ఇస్తే పని జరిగిపోతుంది. పైగా అది సాఫ్ట్‌వేర్‌ను కొని సొంత సర్వర్లలో పెట్టుకునే కాలపు ఆలోచనతో రాసినది. నెలవారీ అద్దెకు, ఎక్కడో నడిచే సేవగా ఆఫీస్ సూట్ వచ్చినప్పుడు సోర్స్ కోడ్ అన్న ప్రశ్న అసలు అడగకుండానే దాటిపోవచ్చు.

ప్రభుత్వం వైపు చెప్పే మాట తేలిక: జోహో చెన్నై కేంద్రంగా నడిచే కంపెనీ, డేటా దేశంలోనే ఉంటుంది, పాడైతే జవాబు చెప్పే కంపెనీ ఉంది. చెదురుమదురు ఓపెన్ సోర్స్ అప్లికేషన్లలో అధికారిక పత్రాలు తయారుచేస్తే భద్రతకు ముప్పన్న మాట కూడా అధికార వర్గాల నుంచి వచ్చింది. మొదటి మూడూ నిజాలు. చివరిదాన్ని ఒప్పుకోవడం కష్టం. రక్షణ మంత్రిత్వ శాఖ 2023లో విండోస్ బదులు ఎంచుకున్న ‘మాయా’ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు మీద కట్టిందే. భద్రత పేరుతో ఒక మంత్రిత్వ శాఖ ఓపెన్ సోర్స్ వైపు వెళ్లిన దేశంలో, అదే భద్రత పేరుతో మరో చోట దాన్ని పక్కన పెట్టడానికి వివరమైన కారణం కావాలి.

అసలు పరీక్ష ఫైలు దగ్గర జరగాలి. జోహో రైటర్ నుంచి పత్రాన్ని ఓడీటీ (ఓడీఎఫ్ రకం ఫైలు)గానూ దించుకోవచ్చు, డాక్స్‌గానూ దించుకోవచ్చు. అడగాల్సింది ఏది సాధ్యమని కాదు, ఏది డిఫాల్ట్ (మనం మార్చకపోతే తానే వాడేది) అని. వెయ్యి మందిలో ఆ మెనూ తెరిచి ఫార్మాట్ మార్చేవాళ్లు కొద్దిమందే ఉంటారు. డాక్స్‌లోనూ రెండు రకాలున్నాయి. 2008 సవరణల్లో పాత అలవాట్లను ‘ట్రాన్సిషనల్’లోకి నెట్టి, శుభ్రమైన దాన్ని ‘స్ట్రిక్ట్’ అన్నారు. వర్డ్ ఇప్పటికీ మామూలుగా సేవ్ చేసేది ట్రాన్సిషనల్ లోనే. మీ దగ్గరి ఫైలు ఏ రకమో తెలుసుకోవడం సులువు: ఒక నకలు తీసి, చివరి పేరు జిప్ అని మార్చి తెరవండి. వర్డ్ ఫోల్డర్‌లోని డాక్యుమెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌ను నోట్‌ప్యాడ్‌లో చూడండి. మొదటి వరుసల్లో ‘పర్ల్ డాట్ ఓసీఎల్‌సీ’ (purl.oclc) చిరునామాలు ఉంటే స్ట్రిక్ట్, అవి లేకుండా ‘ఓపెన్‌ఎక్స్‌ఎంఎల్‌ఫార్మాట్స్’ (openxmlformats) మాత్రమే ఉంటే ట్రాన్సిషనల్.

మార్పిడిలో దెబ్బతినేది అక్షరాల కన్నా ముందు మాక్రోలు, అంటే ఫైలులోనే ఉండి పనిని తమంతట తాము చేసే చిన్న ప్రోగ్రాములు. ఖజానా, జీతాల విభాగాల ఎక్సెల్ షీట్లలో ఏళ్ల తరబడి రాసుకున్న వీబీఏ (ఎక్సెల్ మాక్రోల భాష) కోడ్ ఉంటే అది ఏ ఇతర సూట్‌లోనూ యథాతథంగా నడుస్తుందన్న భరోసా లేదు. ముందుగా వాటి జాబితా తీయకుండా ఆదేశం ఇస్తే, ఉద్యోగి పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టుకుని రెండిటిలోనూ పని చేస్తాడు. తర్వాత ఫాంట్లు. కాలిబ్రి లేని చోట అదే వెడల్పున్న కార్లిటో పెట్టకపోతే పేజీలు జారిపోతాయి, సంతకం గడి తర్వాతి పేజీకి పోతుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. అను ఫాంట్లతో టైపు చేసిన పత్రాల్లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు, ఇంగ్లిష్ కోడ్ల మీద అతికించిన ముక్కలు ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థం లేని గుర్తులు. వాటిని ఓడీటీలోకి మార్చినా, జోహోలోకి ఎక్కించినా ఆ గుర్తులే అటు వెళతాయి. ముందు ప్రతి తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లోకి మార్చాలి, వత్తులు, గుణింతాలు చోటు తప్పాయేమో ఒక మనిషి చదివి చూడాలి. ఫాంట్ల కొరత ఇప్పుడు సాకు కాదు. మండలి, రామరాజ, మల్లన్న, ధూర్జటి వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. 2010 విధానంలోని భారతీయ భాషల షరతు పనికొచ్చేది ఇలాంటి పత్రాల దగ్గరే. రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని తమ టెండర్లలోకి తీసుకోవడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ఈమెయిల్ ఒప్పందం ఏడేళ్ల గడువు 2030లో ముగుస్తుంది. అప్పుడు మరో కంపెనీ గెలిస్తే 12 లక్షల ఖాతాల పత్రాలు ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో చేతికొస్తాయన్నది ఒప్పందంలో ఉందో లేదో మంత్రిత్వ శాఖ ఇప్పుడే బయటపెట్టాలి. డిఫాల్ట్ ఫార్మాట్‌ను ఓడీఎఫ్‌గా మార్చడానికి మాత్రం 2030 దాకా ఆగనక్కర్లేదు. 2010 విధానం అమల్లోనే ఉంది కాబట్టి ఒక ఉత్తర్వు చాలు.