చలాన్లపై అపోహలు, వాస్తవాలు: అమ్మేసిన బండి ఇంకా మీ పేరు మీదే ఉంది

నేను మోటారు ప్రమాదాల కేసులు, వాటితో పాటు చలాన్ల గొడవలు చూసే లాయర్‌ని. పొద్దున ఆఫీసు తాళం తీసేలోపే ఎవరో ఒకరు ఫోన్ స్క్రీన్ నా ముఖం ముందు పెట్టి, "మేడం, ఇది అన్యాయం కాదా?" అంటారు. కొందరి విషయంలో నిజంగానే అన్యాయం జరిగి ఉంటుంది. చాలామందికి జరిగిందల్లా వాట్సాప్‌లో ఎవరో చెప్పింది నమ్మడం. ఏది ఏదో తేల్చి చెప్పేసరికి టీ చల్లారిపోతుంది. అందుకని ఒకసారి రాసి పెడితే పోతుంది అనిపించింది.

జనం జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టే అపోహతో మొదలుపెడతాను.

అపోహ: "బండి అమ్మేశాను, డబ్బు ముట్టింది, కాగితం కూడా రాయించుకున్నాను. ఇక ఆ చలాన్లతో నాకేం పని?"

పోయిన ఎండాకాలం ఒక రిటైర్డ్ బస్ కండక్టర్ వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నెట్ సెంటర్లో తీయించిన ప్రింట్ల కట్ట. మొత్తం ముప్పై ఏడు చలాన్లు. హెల్మెట్ లేదని, సిగ్నల్ జంప్ అని, ట్రిపుల్ రైడింగ్ అని, రాంగ్ రూట్ అని. "అమ్మా, నాకు మోకాళ్లు వంగవు. బండి తోలి ఆరేళ్లయింది. ఈ ఊరి చివర నాకేం పని?" అన్నారు. కంప్యూటర్లో ఫొటో తెరిచి పెద్దది చేశాను. వెనక నుంచి తీసిన ఫొటో. ఒకే స్కూటర్ మీద ముగ్గురు కుర్రాళ్లు, చివరివాడి చేతిలో ఫోన్. నంబర్ ప్లేటు పైన సగం చిరిగిన స్టిక్కరు. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూశారు. "ఇది మా మనవరాలు అంటించిన సీతాకోకచిలుక" అన్నారు.

ఆ స్కూటర్‌ని ఆయన వీధి చివరి మెకానిక్‌కి ఎనిమిది వేలకు ఇచ్చేశారు. బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, మిగతా గళ్లన్నీ ఖాళీగా వదిలేశారు. మెకానిక్ దాన్ని ఇంకొకరికి అమ్మాడు, వాళ్లు మరొకరికి. సంతకాలున్న ఖాళీ ఫారాలు సీటు కింద డిక్కీలో అలాగే ఉండిపోయాయి. ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) రికార్డులో మాత్రం ఓనరు ఈయనే.

వాస్తవం: మోటారు వాహనాల చట్టంలో ఓనరు అంటే ఎవరి పేరున బండి రిజిస్టర్ అయి ఉందో వాళ్లు. సెక్షన్ 2(30) చెప్పేది అదే. ఫైనాన్స్ బండ్లకు కొంచెం తేడా ఉంది, దాన్ని పక్కన పెట్టండి. డబ్బు చేతులు మారిందా, తాళం ఎవరి దగ్గరుంది, వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద ఏం రాసుకున్నారు, ఇవేవీ కెమెరాకు తెలియవు. దానికి దొరికేది నంబరు. ఆ నంబరు కొడితే కంప్యూటర్ చూపించేది ఆర్సీలో ఉన్న పేరు.

బండి మార్పించుకోవడం కొన్నవాడి పని అని అందరూ అనుకుంటారు. సెక్షన్ 50 తెరిచి చూడండి. అందులో మొదట వచ్చేది అమ్మినవాడి బాధ్యతే. అదే రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండి అయితే 14 రోజుల్లోపు అమ్మిన సంగతి ఆర్టీఏకి తెలియజేయాలి. కొన్నవాడికి 30 రోజులు. అంటే కొన్నవాడి కంటే ముందు కదలాల్సింది మీరే.

చలాన్లతో పోతే అదృష్టం అనుకోవాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది, ఎవరూ పేరు మార్పించుకోలేదు. 2009లో ప్రమాదం జరిగింది. కారుకు ఇన్సూరెన్స్ లేదు. పరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రికార్డులో ఓనరుగా ఉన్న ఆ మొదటి ఆయనే కట్టాలని కోర్టు చెప్పింది. దెబ్బ తిన్నవాళ్లను పట్టుకుని, కారు ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కోమనడం కుదరదంది. బాధితుల తరఫున ఎన్నో కేసులు వేసిన నాకు ఆ తీర్పు న్యాయంగానే కనిపిస్తుంది. ఎప్పుడో బండి అమ్మేసి, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నుంచి నోటీసు అందుకుని, నా ఎదురు కుర్చీలో చెమటలు తుడుచుకుంటున్న మనిషికి మాత్రం ఆ మాట చెప్పడం అంత తేలిక కాదు.

కాబట్టి బండి అమ్మేవాళ్లకు నేను చెప్పేది: ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. కొన్నవాళ్ల పేరు, అడ్రసు, తేదీ అన్నీ నింపాకే సంతకం. ఆధార్ కాపీ తీసుకోండి. డెలివరీ నోట్ మీద తేదీతో పాటు టైమ్ కూడా రాయించండి. "రేపు చేయించుకుంటాను అన్నా" అంటే, "పద తమ్ముడూ, ఇద్దరం కలిసే వెళ్దాం" అనండి. సెకండ్ హ్యాండ్ షోరూంకి ఇస్తున్నారా? 2023 ఏప్రిల్ 1 నుంచి దానికి కొత్త రూల్స్ ఉన్నాయి. ఆర్టీఏ అధికార పత్రం ఉన్న డీలర్‌కి బండి అప్పగిస్తూ ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలర్‌ది. డీలర్‌కి ఆ పత్రం ఉందో లేదో ముందే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఇప్పటికే ఎప్పుడో అమ్మేసి ఉంటే, ఇది చదవడం ఆపి మీ పాత నంబరు ఈ-చలాన్ సైట్లో కొట్టి చూడండి.

కండక్టర్ గారి సంగతి చెప్పాలి కదా. మెకానిక్‌ని పట్టుకున్నాం, అతని ద్వారా రెండో మనిషిని, ఆ మనిషి ద్వారా మూడో మనిషిని. చలాన్లు తీరితే తప్ప పేరు మారదు, పేరు మారితే తప్ప చలాన్లు ఆగవు. చివరికి ఆ కుర్రాళ్లలో ఒకడి తండ్రి వచ్చి తలొంచుకుని సగం కట్టాడు. ఎనిమిది వేలకు అమ్మిన స్కూటర్ మీద పెద్దాయనకు ఐదు వేల పైనే వదిలింది.

ఇంక రెండోది. "చలాన్ వచ్చిందంటే కట్టాల్సిందే, అడగడానికి లేదు." ఇది భయస్థుల అపోహ. నాకు వీళ్లంటే జాలి. మెసేజ్ రాగానే టెన్షన్ పడి, ఫొటో కూడా చూడకుండా కట్టేస్తారు. ముందు ఫొటో చూడండి బాబూ. నాకే ఒకసారి కారు నంబరు మీద హెల్మెట్ లేదని చలాన్ వచ్చింది. కారులో హెల్మెట్ ఏమిటా అని తెరిస్తే, ఫొటోలో ఎవరిదో పల్సర్. ప్లేటు మీద బురద, 3 కాస్తా 8 లాగా కనిపిస్తోంది. నా ఆర్సీ కాపీ, కారు ఫొటో జత చేసి కంప్లైంట్ పెట్టాను. మొదటిసారి జవాబు లేదు. రెండోసారి గుర్తుచేశాక తీసేశారు. నూట ముప్పై ఐదు రూపాయలకు ఇంత శ్రమ ఎందుకని మా ఆయన నవ్వారు. లాయర్‌కే రెండుసార్లు రాయాల్సి వచ్చిందంటే, రోజుకూలీకి వెళ్లే మనిషి ఏం చేస్తాడు? పనిదినం పోగొట్టుకోవడం కంటే కట్టేయడమే చౌక అనుకుంటాడు. ఈ వ్యవస్థలో నాకు నచ్చనిది ఇదే. తప్పు మిషన్‌ది, దాన్ని నిరూపించే పని మనది.

రూల్స్ కాగితం మీద బాగానే ఉన్నాయి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ అని కొత్తది చేర్చారు. దాని ప్రకారం కెమెరా పరికరానికి అప్రూవల్ సర్టిఫికెట్ ఉండాలి, ఏటా రెన్యూవల్ చేయించాలి. కెమెరాలున్న రోడ్డు మొదలయ్యే ముందే కనిపించేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. చలాన్‌లో తప్పు, నంబర్ ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, టైమ్, చోటు, ఏ సెక్షన్ కిందో ఉండాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలని 2021 నాటి ఆ రూల్ చెప్పింది. బోర్డు వేపచెట్టు కొమ్మల వెనక దాక్కుంటే, స్టాప్ లైన్ పెయింటు చెరిగిపోయి ఉంటే, మీరూ ఒక ఫొటో తీసుకోండి. ఆ రోజే తీయండి. నెల తర్వాత వెళ్తే కొమ్మలు కొట్టేసి ఉంటారు.

ఇంతా చెప్పి ఇది చెప్పకపోతే తప్పు: "అన్యాయం" అంటూ నా దగ్గరికి వచ్చిన ఫొటోల్లో చాలావాటిలో ముందు చక్రం స్టాప్ లైన్ దాటి, జీబ్రా క్రాసింగ్ మధ్యలో ఉంటుంది. నాది కూడా ఒకటుంది.

స్పీడ్ గన్ ఎక్కువ చూపిస్తుందనేది మరో పుకారు. లేజర్ గన్ వెలుగు తునకల్ని వరసగా వదిలి, అవి బండికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం ఎంత తగ్గుతోందో లెక్క కడుతుంది. పోలీసు రోడ్డు పక్కన నిలబడి ఏటవాలుగా కొడతాడు కాబట్టి అసలు వేగం కంటే తక్కువే వస్తుంది. 80లో వెళ్తున్న బండిని 20 డిగ్రీల కోణంలో కొడితే 75 చూపిస్తుంది. కోణం మీకే లాభం. అనుమానించాల్సింది వేరే చోట. ఫొటోలో రెండు మూడు బండ్లు పక్కపక్కనే ఉంటే, గురి గుర్తు ఎవరి మీద ఉందో చూడండి. అలాగే లిమిట్ ఎంతో కూడా చూసుకోండి. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 1, 2 లేన్లకు 120 అయితే, 3, 4 లేన్లకు 80. "120 ఉందిగా మేడం" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది మూడో లేన్లో దొరికినవాళ్లే.

"ఆగితే డిస్కౌంట్ వస్తుంది." ఈ అపోహకు జనాన్ని నేను తప్పు పట్టను. తెలంగాణలో 2022 మార్చిలో ఇచ్చారు, 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు. రెండోసారి టూవీలర్లకు 80 శాతం మాఫీ. టైముకి కట్టినవాళ్లు వెర్రివాళ్లయ్యారు. అయినా మళ్లీ ఇవ్వాలని ఏ చట్టంలోనూ లేదు. ఈలోగా బండి అమ్మాల్సి వస్తే ట్రాన్స్‌ఫర్ దగ్గర ఇరుక్కుంటారు.

"బండి బామ్మర్దికి ఇచ్చాను, వాడు చలాన్ కొట్టించుకున్నాడు." ఇచ్చింది మీరు కదా. బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 133 ఓనరు మీదే పెట్టింది. ఇంట్లో మైనరుకి తాళం ఇచ్చేవాళ్లు సెక్షన్ 199ఎ చదవండి: 25 వేల ఫైను, మూడేళ్ల వరకు జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. "ట్యూషన్ దాకే కదా" అనే తల్లిదండ్రులతో వాదించే ఓపిక నాకు లేదు.

మిగతావి గబగబా. ఒకసారి ఫైన్ కడితే ఆ రోజంతా ఫ్రీ అనే సెక్షన్ ఏదీ లేదు. పోలీసులకు చట్టం వర్తించదనేది అబద్ధం, 210బి ప్రకారం అమలు చేసేవాళ్లే తప్పు చేస్తే రెట్టింపు. అమలవుతోందా అని నన్ను అడగకండి. పెండింగ్ చలాన్ల పేరుతో బండి లాక్కోవడం గురించి చాలామంది అడుగుతారు. బండి పట్టుకోవడానికి సెక్షన్ 207లో ఉన్న కారణాలు లైసెన్స్ లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ గొడవలు. ఆ జాబితాలో పెండింగ్ చలాన్ అనే మాట లేదు. అలాగని ఈ పోస్టు చూపించి ఎర్రటి ఎండలో కానిస్టేబుల్‌తో గొడవ పెట్టుకోకండి. పేరు, చోటు, టైమ్ రాసుకుని తర్వాత రాతపూర్వకంగా అడగండి.

వాట్సాప్‌లో "మీ చలాన్ చూడండి" అంటూ ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోకండి. చలాన్ ఎప్పుడూ యాప్ ఫైల్ రూపంలో రాదు. నా దగ్గరికి వచ్చిన ఒక టీచరమ్మ భయపడి దాన్ని నొక్కారు. చలాన్ లేనే లేదు, ఖాతా మాత్రం ఖాళీ అయింది. అనుమానం ఉంటే మెసేజ్‌లో లింకు వదిలేసి, పోలీసు సైట్‌కి మీరే వెళ్లి నంబరు కొట్టుకోండి. ఆవిడ అన్నదొకటే: "ఫైను అనగానే చెయ్యి వణికింది మేడం, నేనెప్పుడూ ఎవరికీ బాకీ పడలేదు." దానికి నా దగ్గర సమాధానం లేదు.

చివరగా, "నాకు మెసేజ్ రాలేదు కాబట్టి చలాన్ లేదు." మా తమ్ముడు నాలుగేళ్లు ఇదే ధీమాలో ఉన్నాడు. సైట్లో చూస్తే పద్నాలుగు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు మాకెవరికీ తెలియదు. డయల్ చేస్తే బండి కొన్న షోరూంలో అప్పట్లో పనిచేసిన కుర్రాడు ఎత్తాడు. తొందరలో ఫారంలో తన నంబరే వేసేశాడట, మా ఒక్కరిదే కాదు, చాలామందిది. "సారీ మేడం, నాకు రోజూ వస్తుంటాయి. ఎవరివో తెలియక డిలీట్ చేస్తుంటాను" అన్నాడు.