చెంచాడు తోడు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

హిట్లర్ పాఠం విన్న రోజున మీలో చిన్నది ఓ ప్రశ్న రాసి పంపింది. "అరవై లక్షల మంది యూదుల్ని చంపేశారు. ప్రార్థన మందిరాలు తగలబెట్టారు. నేర్పే పెద్దవాళ్ళు కూడా పోయారు. మరి మిగిలినవాళ్ళు మళ్ళీ ఎలా మొదలుపెట్టారు తాతయ్యా, ఎవరు చెప్పారు వాళ్ళకి?" దీని మీద లావుపాటి పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. వంటింట్లోకి రండి.

రాత్రి పడుకునే ముందు అమ్మ పాలు కాచి, చల్లార్చి, వేలు పెట్టి చూస్తుంది. గోరువెచ్చగా ఉంటే అర లీటరుకి చెంచాడు పెరుగు వేసి కలుపుతుంది. పాలు పొగలు కక్కుతుండగా వేస్తే తోడు చచ్చిపోతుంది. మరీ చల్లారాక వేస్తే పొద్దున్నకి నీళ్ళనీళ్ళగా ఉంటుంది. ఒకసారి కలిపాక గిన్నె కదపకూడదు. చలికాలంలో ఆ గిన్నెని బియ్యం డబ్బాలో దాచేవాళ్ళూ ఉన్నారు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎవరింట్లోనైనా తోడు చెడిపోవడం మామూలే. అప్పుడు చిన్న గిన్నె చేతికిచ్చి పిల్లల్ని పక్కింటికి తరిమేవాళ్ళు. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వకూడదని కొన్ని ఇళ్ళల్లో పట్టింపు, కాబట్టి పొద్దుండగానే పరిగెత్తాలి. తమాషా ఏమిటంటే, ఆ పక్కింటి పెరుగు కిందటి నెల మన తోడుతో తోడుకున్నదే అయ్యుండేది. మనం ఇచ్చిందే మన గిన్నెలోకి తిరిగొచ్చేది.

యూదులు చేసింది ఇంతే అని నా లెక్క. గిన్నె పగిలింది, పాలు ఒలికాయి. చెంచాడు తోడు ఎక్కడుందో వెతికి తెచ్చుకున్నారు.

మొదటి తోడు మనుషులు, పదిమంది. దీన్ని 'మిన్యాన్' అంటారు. ఒక్కడే ఉన్నా ప్రార్థన చేసుకోవచ్చు, తప్పు లేదు. కానీ తోరా చుట్టని, అంటే తోలు మీద రాసి చుట్టిపెట్టిన వాళ్ళ పవిత్ర గ్రంథాన్ని, పెట్టెలోంచి తీసి చదవాలన్నా, పోయినవాళ్ళ కోసం 'కద్దిష్' అనే ప్రార్థన చెప్పాలన్నా పదిమంది కావలసిందే. తల్లో తండ్రో పోతే పదకొండు నెలలు రోజూ కద్దిష్ చెప్పాలి. ఇందులో చావు అనే మాటే ఉండదు, మొదటి నుంచి చివరి దాకా దేవుడి స్తుతే. ఇప్పుడు ఆలోచించండి. యుద్ధం అయ్యాక అందరినీ పోగొట్టుకున్న మనిషి ఒక మూల కూర్చుని ఏడుద్దామనుకుంటాడు. ఈ నియమం కూర్చోనివ్వదు. లేచి ఇంకో తొమ్మిదిమందిని వెతుక్కోవాలి. వాళ్ళలో ప్రతివాడికీ అదే అవసరం. పదిమంది చేరారంటే అక్కడ మళ్ళీ ఓ సంఘం పుట్టినట్టే. భవనం లేకపోయినా, గురువు లేకపోయినా సరే.

తొమ్మిదిమందే వస్తే? వీధిలోకి వెళ్ళి దారినపోయే యూదుణ్ణి పిలుచుకొస్తారు. తోరా పుస్తకం చేతికిచ్చి ఓ పిల్లవాణ్ణి పదోవాడిగా నిలబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉండేది, కానీ చాలామంది పండితులు దానికి ఒప్పుకోరు. మగపిల్లాడైతే పదమూడు నిండాలి. ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది పెద్ద తగవు. పాత పద్ధతివాళ్ళు ఇప్పటికీ తీసుకోరు. అమెరికాలో 'కన్సర్వేటివ్' అనే శాఖ 1973లో తీసుకోవచ్చని తేల్చింది. అంతకు చాలా ముందే, 1922 మార్చి 18న, న్యూయార్క్‌లో జూడిత్ కప్లాన్ అనే పన్నెండేళ్ళ పిల్ల సభ ముందు నిలబడి తోరాలోని భాగం చదివింది. చుట్టలోంచి కాదు, అచ్చు పుస్తకంలోంచి. అంతవరకూ మగపిల్లలకే జరిగే ఈ తొలి చదువు వేడుక అమెరికాలో ఒక ఆడపిల్లకి అలా జరగడం అదే మొదలంటారు.

ఈ పదిమందిని ఒకటి, రెండు అని వేలు చూపించి లెక్కపెట్టరు. మనుషుల్ని అలా లెక్కించకూడదని నమ్మకం. వాళ్ళ కీర్తనల గ్రంథంలో సరిగ్గా పది మాటలున్న వాక్యం ఒకటుంది. ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పుకుంటూ పోతారు. మాటలన్నీ అయిపోతే సరిపోయారన్నమాట. మన కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి 'ఒకటి' అనకుండా 'లాభం' అంటారు చూశారా, అలాంటి పట్టింపే.

రెండో తోడు ఆ చుట్ట. దీని దగ్గర కాస్త ఆగాలి, చూడ్డానికి చాలా ఉంది.

తోరా చుట్టని అచ్చు వెయ్యరు. ఇప్పటికీ చేత్తోనే రాస్తారు. రాసేవాణ్ణి 'సోఫేర్' అంటారు. బాగుచేసిన ఆవుతోలు పలకలు, బాతు ఈకో టర్కీకోడి ఈకో చెక్కి చేసుకున్న కలం, మాచికాయ, తుమ్మబంక, అన్నభేది కలిపి కాచిన నల్లసిరా, ఇవి సరంజామా. (పేర్లు చూస్తే మన ఆయుర్వేదం కొట్టు గుర్తొస్తోంది కదూ.) ముందు సిరా లేకుండా మొనతో గీతలు గీసుకుంటాడు. అక్షరాలు మనం కాపీ పుస్తకంలో రాసినట్టు గీత మీద కూర్చోవు, గీతకి వేలాడతాయి. ప్రతి మాటనీ ముందు పైకి పలికి తరవాతే రాస్తాడు. మొత్తం 3,04,805 అక్షరాలు. ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పని. పలకలన్నిటినీ జంతువు నరంతో పేనిన దారంతో కుట్టి, రెండు కర్రలకి చుడతారు.

ఒక్క అక్షరం పోయినా ఆ చుట్ట పనికిరాదు. రెండు అక్షరాలు ఒకదానికొకటి తగిలినా చెల్లదు, ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ తోలు కనబడాలి. ఎందుకు పాడవుతుందంటే, ఏటా విప్పి చుట్టీ చుట్టీ సిరా పగిలి పొరలుగా రాలుతుంది. చెమ్మ తగిలితే ఇంకా తొందరగా రాలుతుంది. మామూలు తప్పైతే కత్తితో గీకి మళ్ళీ రాస్తారు. దేవుడి పేరు రాసేటప్పుడు తప్పొస్తే గీకడానికి వీల్లేదు. ఆ పలక మొత్తం తీసేసి, మనిషిని పూడ్చినట్టు భూమిలో పూడ్చి, కొత్త పలక రాసి కుట్టాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది. 'వావ్' అనే అక్షరం నిలువు గీత. 'యోద్' అదే ఆకారం, పొట్టిగా ఉంటుంది. వావ్ కాలు సగం రాలితే అది వావా, యోదా? పండితులు వాదించుకోరు. ఒక పిల్లవాణ్ణి పిలుస్తారు. మరీ తెలివైనవాడు కాకూడదు, మరీ మందమతీ కాకూడదు. అక్షరాలు వచ్చి ఉండాలి, అంతే. తెలివైనవాడైతే వాక్యం అర్థాన్ని బట్టి ఊహించి చెప్పేస్తాడు, అందుకని. వాడు ఏదని చదివితే అదే. వాడు వావ్ అంటే చుట్ట బతికింది. యోద్ అంటే సోఫేర్ కలం పట్టుకోవాలి. ఇంత పెద్ద గ్రంథానికి చివరి తీర్పు మీ వయసువాడి చేతిలో పెట్టారు!

పైగా ఆ చుట్టలో గుణింతాలుండవు, చుక్కలూ కామాలూ ఉండవు. మన భాషలో 'కల' అని మాత్రం రాసి, అది కలా, కాలా, కీలా, కూలీయా మీరే తేల్చుకోండి అంటే ఎలా ఉంటుంది? అందుకే పెద్దవాళ్ళ దగ్గర నెలల తరబడి రాగంతో సహా వల్లె వేస్తే గాని చదవలేరు. వేలితో ముట్టుకోకుండా, చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో చూపిస్తూ చదువుతారు.

ఇప్పుడు అసలు సంగతి. యుద్ధకాలంలో ఇప్పటి చెక్ దేశంలోని బొహేమియా, మొరావియా ఊళ్ళ ప్రార్థన మందిరాల్లోంచి ప్రాగ్ నగరానికి చేరిన చుట్టలు, వాటిని వాడే జనం పోయాక, ఓ పాత మందిరంలో చెమ్మలో పడి ఉన్నాయి. 1964 ఫిబ్రవరిలో 1,564 చుట్టలు లారీల్లో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ సినగాగ్‌కి వచ్చాయి. సినగాగ్ అంటే యూదుల ప్రార్థన మందిరం. అన్నిటికీ నంబర్లు వేశారు. డేవిడ్ బ్రాండ్ అనే సోఫేర్ అక్కడ కూర్చుని 27 ఏళ్ళ పాటు వాటిని బాగుచేశాడు. రాలిన అక్షరం మీద అక్షరం, తెగిన కుట్టు మీద కుట్టు. బాగైన వాటిని అమ్మలేదు. ప్రపంచంలో కొత్తగా మొలుస్తున్న సంఘాలకి అరువిచ్చారు, వెయ్యికి పైగా. ఎప్పటికీ అరువే, సొంతం కాదు. ఎక్కడో అమెరికాలో పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు ఈనాడు తొలిసారి చదివే చుట్ట, జనమే మిగలని ఓ చెక్ పల్లెది కావచ్చు. పక్కింటి గిన్నె గుర్తుందిగా?

మూడో తోడు రోజుకో ఆకు. యుద్ధానికి ముందే, 1923లో, వియన్నాలో జరిగిన సభలో మేయిర్ షపిరో అనే పోలండ్ గురువు ఓ ఉపాయం చెప్పాడు. తాల్ముద్ అనే మహా వాదగ్రంథాన్ని లోకంలోని యూదులందరూ ఒకే రోజు ఒకే ఆకు చొప్పున చదవాలి. ఆకు అంటే రెండు వైపులూ. ఇప్పటి లెక్కన 2,711 ఆకులు, ఏడేళ్ళ అయిదు నెలలు. వార్సాలో మొదలుపెట్టి న్యూయార్క్‌లో దిగినవాడు కూడా అక్కడి గుంపులో చేరి మర్నాటి ఆకు అందుకోవచ్చు. షపిరో 1933లోనే పోయాడు, ఆయన లుబ్లిన్ పాఠశాలని నాజీలు మూయించారు. చదువు మాత్రం ఆగలేదు. ఇప్పుడు నడుస్తున్నది పద్నాలుగో ఆవృత్తి. 2020 జనవరి 5న మొదలైంది, 2027 జూన్ 7న ముగుస్తుంది. అది మొదలైన రోజునే యెరూషలేంలో దాదాపు 3,000 మంది స్త్రీలు చేరి, అంతకుముందు ఆవృత్తి పూర్తి చేసిన ఆడవాళ్ళతో పండగ చేసుకున్నారు. నాలుగు తరాల కిందట ఆ పుస్తకం ఆడవాళ్ళ చేతికి ఇవ్వడమే అరుదు.

ఇందులో ఎక్కడ జారిపోతారో కూడా చెప్పాలి. ఒకరోజు మానితే రేపు రెండు ఆకులు, మూడు రోజులు మానితే కొండ, వారం మానితే పుస్తకం అటకెక్కుతుంది. అందుకని అనుభవజ్ఞులు చెప్పేది, వెనక్కి వెళ్ళకు, ఈరోజు ఆకు దగ్గరే చేరు, పోయినవి తీరుబడిగా చూసుకో. ఇంకో కిటుకు, ఒంటరిగా చదవకు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటూ చదవడాన్ని 'హవ్రూతా' అంటారు. 'హవేర్' అంటే స్నేహితుడు. చూశారా, మన భాషలో తోడు అంటే పెరుగుదీ, మనిషిదీ రెండూనూ. ఒక భాగం ముగిసినప్పుడు దాని పేరు పెట్టి పిలిచి "మళ్ళీ నీ దగ్గరికి వస్తాం" అంటారు. పుస్తకానికి వీడ్కోలు చెప్పే ఈ పద్ధతి మీరూ అలవాటు చేసుకోవచ్చు. పరీక్షలయ్యాక పుస్తకాలు కిలోల్లెక్కన అమ్మేసేవాళ్ళు మరీనూ.

అదే 'హవేర్' మాటలోంచి 'హవురా' వచ్చింది, చిన్న స్నేహబృందం. 1968లో బోస్టన్ ప్రాంతంలో మొదలై, పక్కనే ఉన్న సోమర్‌విల్‌లో స్థిరపడిన 'హవురత్ షాలోమ్' అలాంటిదే. పెద్ద పెద్ద మందిరాల్లో వేదిక మీద ఒకరు చెబుతుంటే కుర్చీల్లో కూర్చుని వినడం కుర్రకారుకి విసుగేసింది. ఒక ఇంట్లో గుండ్రంగా కూర్చుని వాళ్ళే పాడారు, వాళ్ళే చదివారు, వాళ్ళే వండుకున్నారు. ఆ గాలి తరవాత చాలా ఊళ్ళకి పాకింది.

వంట అన్నాను కాబట్టి, వాళ్ళ విశ్రాంతి రోజు మొదలయ్యే శుక్రవారం రాత్రి తినే రొట్టె సంగతి. పేరు హల్లా. అరకిలో మైదా, ఏడు గ్రాముల పొడి ఈస్ట్, రెండు గుడ్లు, అరవై గ్రాముల పంచదార, అరవై మిల్లీలీటర్ల నూనె, రెండు చెంచాల ఉప్పు, ఇంచుమించు ముప్పావు గ్లాసు గోరువెచ్చని నీళ్ళు. పది నిమిషాలు మర్దించి, పిండి రెట్టింపయ్యే దాకా మూతపెట్టి, తాళ్ళు చేసి జడ అల్లుతారు. మూడు పాయలు, చెయ్యి తిరిగితే ఆరు. మరో ముప్పావుగంట పొంగనిచ్చి, గుడ్డుసొన పూసి కాలుస్తారు. బడికి వేసినట్టు జడ బిగించి అల్లారో, పొయ్యిలో పొంగడానికి చోటు లేక పక్కలు చిట్లుతాయి. వదులుగా అల్లాలి. పిండి కిలోంబావు దాటితే చిన్న ముద్ద తుంచి విడిగా కాల్చేస్తారు, ఒకప్పుడు పూజారులకిచ్చిన వాటాకి గుర్తుగా. బల్ల మీద ఎప్పుడూ రెండు రొట్టెలుండాలి. మాంసంతో తింటారు కాబట్టి అందులో పాలూ నెయ్యీ వెయ్యరు. మాంసం, పాలు కలపడం వాళ్ళకి నిషిద్ధం. అంటే ఇంతసేపూ నేను పట్టుకు వేలాడిన పెరుగుకి ఆ బల్ల మీద చోటే లేదు! సరే, ఉపమానం వంటింట్లోనే ఉంచుదాం.

ఇంకో చోట కూడా ఆ ఉపమానం నిలవదు. తోడు ఎవరు వేసినా పెరుగు పెరుగే. ఇక్కడ అలా కాదు. ఎంత మార్చవచ్చు, ఎక్కడ మారిస్తే అది మనది కాకుండా పోతుంది అని వాళ్ళలో వాళ్ళకి ఈ రోజుకీ పేచీయే. పోలండ్‌లో క్రాకోవ్ నగరంలో 1988లో యూదు సంస్కృతి ఉత్సవం మొదలుపెట్టినవాళ్ళు యూదులు కారు. పాటలు, జనం, సందడి అన్నీ ఉన్నాయి. కాని ఉత్సవం అయ్యాక శుక్రవారం సాయంత్రం బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? 2008లో అక్కడ యూదు సముదాయ కేంద్రం తెరిచాక దానికి జవాబు దొరకడం మొదలైంది. ముసలి వయసులో అమ్మమ్మ "మనం యూదులం" అని బయటపెడితే, ఆ ముక్క పట్టుకుని వచ్చి అక్షరాలు నేర్చుకునేవాళ్ళు పోలండ్‌లో ఉన్నారు.

అంత దూరం ఎందుకు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. బెనె ఎఫ్రాయిమ్ అంటారు. 1991లో ఓ చిన్న సినగాగ్ కట్టుకున్నారు. ఇజ్రాయెల్ ఇంకా వాళ్ళని యూదులుగా ఒప్పుకోలేదు. వాళ్ళు మాత్రం శనివారం పాటిస్తూ హీబ్రూ నేర్చుకుంటున్నారు.

ఇక మీకో పని. యూదుల విశ్రాంతి రోజు శుక్రవారం సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు దీపాలతో మొదలవుతుంది. శనివారం చీకటిపడి మూడు చుక్కలు కనబడ్డాక ముగుస్తుంది. అప్పుడు చాలా ఒత్తులు కలిపి జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి, లవంగాలు, దాల్చినచెక్క వాసన చూస్తారు. ఈ శనివారం డాబా ఎక్కండి. సూర్యుడు దిగిన నిమిషం రాసుకోండి. ముందుగా మెరిసేది చుక్క కాకపోవచ్చు, శుక్రగ్రహమో గురుగ్రహమో అయితే లెక్కలోకి రాదు. మరీ పెద్దవీ కాకుండా, మరీ చిన్నవీ కాకుండా మధ్యరకం చుక్కలు మూడు వెతకండి. మూడోది ఎన్నో నిమిషానికి కనబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య