పండుగ ముగిశాక మిగలవలసిన కాగితం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఏప్రిల్ 18న మన చరిత్ర సంఘం జరిపిన వారసత్వ దినానికి మీరంతా వచ్చి, ఎండలో చెరువుకట్ట మీద నిలబడి, శాసనపు రాయిని చూసి, పెద్దల ఉపన్యాసాలు ఓపికగా విన్నారు. అందరూ వెళ్లిపోతుండగా మీలో ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "తాతగారూ, రాయి నిన్నా అక్కడే ఉంది, రేపూ అక్కడే ఉంటుంది కదా, మరి ఇవాళ మనం చేసింది ఏమిటి?" అని అడిగాడు. అప్పుడు నేను ఏదో సర్దిచెప్పి పంపించాను గాని, ఆ ప్రశ్న అంత తేలికగా దాటవేయవలసినది కాదని ఇంటికి వచ్చాక అనిపించింది. దానికి జవాబుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ తేదీ ఎక్కడిదో ముందు చెబుతాను. కట్టడాలు, చారిత్రక స్థలాల రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంస్థ ఇకోమాస్ 1982లో ఈ దినాన్ని ప్రతిపాదించగా, మరుసటి ఏడు యునెస్కో ఆమోదించింది. మన దేశంలో దీనితో పాటు నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవం కూడా జరుగుతుంది. ఈ రోజుల్లో ఊరూరా బ్యానర్లు కడతారు, ఊరేగింపుగా నడుస్తారు, ఫొటోలు దిగుతారు. వాటిని నేను తక్కువ చేయను, ఎందుకంటే జనం కూడితేనే రాయి ఒకటి ఉందన్న సంగతి పదిమందికి తెలుస్తుంది. అయితే పూలదండ సాయంత్రానికి వాడిపోతుంది. ఆ రోజు చూసినదాన్ని, విన్నదాన్ని ఎవరైనా తేదీ వేసి కాగితం మీద పెట్టారా అన్నది ఒక్కటే నేను ప్రతిసారీ చూసుకుంటాను.

ఇది నా చాదస్తం కాదనడానికి రాజమహేంద్రవరంలో నూరేళ్ల కిందట జరిగిన ఒక ఉత్సవమే సాక్ష్యం. నన్నయ ఎవరి కొలువులో ఉండి భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడో ఆ రాజరాజనరేంద్రుడికి పట్టాభిషేకం జరిగి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1922లో అక్కడి చరిత్రాభిమానులు ఉత్సవం చేశారు. అంతటితో ఊరుకోకుండా పండితుల చేత వ్యాసాలు రాయించి, ఒక పెద్ద సంచికను అచ్చు వేశారు. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది కూడా ఆ ఏడే, ఆ ఊళ్లోనే. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు వంటివారు దానికి వెన్నెముకగా నిలిచారు. 1926 నుంచి ఆ మండలి వెలువరించిన పరిశోధన పత్రికలో, పొలాల్లోనూ గుడి గోడల మీదా దొరికిన ఎన్నో శాసనాలు మొదటిసారిగా వెలుగు చూశాయి. ఆనాటి సభలో ఎవరెంత బాగా మాట్లాడారో ఇవాళ మనకు తెలియదు. వాళ్లు అచ్చు వేసిన పుటలు మాత్రం పరిశోధకులకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. తెలంగాణలోనూ ఇటువంటి కృషే జరిగింది. 1923లో కన్నుమూసిన చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి, ఆదిరాజు వీరభద్రరావు వంటివారి శ్రమతో అక్కడి శాసనాలను సేకరించి ప్రకటించింది. వీరిలో చాలామంది జీతం కోసం కాక, ఇష్టం కొద్దీ ఈ పని చేసినవారు.

తొమ్మిది వందల ఏళ్లని వాళ్లు ఎలా లెక్క తేల్చారని మీకు సందేహం రావాలి. రాజరాజు వేయించిన రాగిరేకుల శాసనంలో ఆయన పట్టాభిషేకం శక సంవత్సరం 944లో జరిగినట్టు ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే క్రీస్తు శకం వస్తుంది కాబట్టి 944కు 78 కలిపితే 1022. శక సంవత్సరం ఉగాదితో మారుతుంది గనుక, జనవరి నుంచి ఉగాది లోపు పడే తేదీలకు మాత్రం 79 కలపాలి. ఈ చిన్న కూడిక తెలిస్తే సగం శాసనాల వయసు మీరే చెప్పగలరు. ఇంకొక ఉదాహరణ తీసుకుందాం. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన రామప్ప గుడి దగ్గర, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనంలో శక సంవత్సరం 1135 అనీ, శ్రీముఖ నామ సంవత్సరమనీ ఉంది. 1135కు 78 కలిపితే 1213. పంచాంగంలో అరవై ఏళ్ల పేర్లు చక్రంలా తిరుగుతాయి కదా, 1993లో శ్రీముఖ వచ్చింది. అక్కడి నుంచి అరవై చొప్పున పదమూడు సార్లు వెనక్కి వెళ్లండి, సరిగ్గా 1213 దగ్గర ఆగుతారు. అంకె, పేరు రెండూ కలిశాయి కాబట్టి తేదీ గట్టిదని నమ్ముతాం. అవి కలవకపోతే చదివినవాడు తప్పు చదివాడో, చెక్కినవాడు తప్పు చెక్కాడో వెతకాలి.

ఇక మన చెరువుకట్ట మీది రాయి సంగతికి వస్తాను. ఆ రోజు ఎండ నడినెత్తిన ఉన్నందువల్ల మీకు అక్షరాలు సరిగా కనబడలేదు. అరిగిన అక్షరానికి నిట్టనిలువు వెలుగు శత్రువు. తెల్లవారాక గాని, పొద్దు వాలేటప్పుడు గాని, ఎండ పక్కవాటుగా పడినప్పుడు ప్రతి గీతలోనూ సన్నటి నీడ నిలబడి, అంతకుముందు చదునుగా కనిపించిన రాయి మీద పంక్తులకు పంక్తులు పైకి లేస్తాయి. చీకట్లో టార్చిలైటును రాయి అంచు నుంచి వాలుగా పట్టుకున్నా అదే ఫలితం. సుద్దతో దిద్దితే స్పష్టంగా కనబడుతుంది గదా అని కొందరు దిద్దుతారు, కాని దిద్దేవాడు తాను ఊహించిన అక్షరాన్నే దిద్దుతాడు. ఆ తరువాత వచ్చినవాళ్లందరూ రాయిని వదిలేసి అతని ఊహను చదువుకుంటారు. రంగులు, నూనెలు అసలు వద్దు.

నకలు తీయడానికి మన పాత పద్ధతి ఒకటి ఉంది. పురావస్తు శాఖ అనుమతితో వచ్చిన ఒక నిపుణుడు చేస్తుండగా నేను పక్కనే కూర్చుని నీళ్లు అందించాను. ఆయన ముందుగా నాచునూ మట్టినీ మెత్తటి కుంచెతో, మంచినీళ్లతో కడిగారు. తడి ఆరకముందే, నీళ్లలో నానబెట్టిన గట్టి కాగితాన్ని రాయి మీద పరిచి, మధ్య నుంచి అంచులకు గాలిబుడగలు పోయేలా నిమిరారు. ఆ తరువాత దట్టమైన వెంట్రుకల బ్రష్షుతో కాగితం చిరగకుండా, తబలా వాయించినట్టు తడుతూ పోయారు. కాగితం కొంచెం కొంచెంగా అక్షరాల గుంటల్లోకి దిగింది. అది సగం ఆరాక సిరాలో అద్దిన గుడ్డ ఉండతో పైపైన అద్దితే, ఎత్తుగా ఉన్న చోటల్లా నల్లబడి, గుంటల్లోకి దిగిన అక్షరాలు మాత్రం తెల్లగా మిగిలాయి. ఆరిన కాగితాన్ని ఆయన ఒలిచి ఎత్తి పట్టుకున్నప్పుడు, వందల ఏళ్లుగా బురదలో ఉన్న ఒక మనిషి చేతిరాత నల్లని ఆకాశంలో వెన్నెల గీతల్లా కనిపించింది. నాకు గొంతు పూడుకుపోయింది. ఆ కాగితం మూలన ఆయన మొదట రాసినవి ఊరి పేరు, రాయి ఉన్న చోటు, తేదీ, తన పేరు. ఈ నాలుగూ లేని నకలు ఎంత అందంగా ఉన్నా ఎందుకూ కొరగాదని ఆయన చెప్పిన మాట నేను మరిచిపోలేదు.

రాయి తల దగ్గర సూర్యుడి గుర్తు, చంద్రవంక మీరు చూశారు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ దానం చెల్లాలని దాని అర్థం, దాన్నే శాసనాల్లో ఆచంద్రార్కం అంటారు. కింద స్వస్తిశ్రీ అని మొదలై, శక సంవత్సరం, తిథి, వారం, రాజు పేరు, దానమిచ్చినవాడి పేరు, ఇచ్చిన భూమి, దాని హద్దులు వరుసగా వస్తాయి. చివర ఒక శాపం ఉంటుంది. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం" అని మొదలయ్యే ఆ శ్లోకం, తాను ఇచ్చినదైనా ఇతరులు ఇచ్చినదైనా దానభూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని చెబుతుంది. మీరందరూ అది విని నవ్వారు. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన భాగం హద్దులు. రాజుల పేర్లు వేరే చోట్ల కూడా దొరుకుతాయి, కాని ఫలానా వాగు, ఫలానా రావిచెట్టు, ఫలానా వారి తోట అన్న మాటలు ఈ ఒక్క రాయి మీద తప్ప ఇంకెక్కడా ఉండవు.

రాళ్లు చెప్పనివి మనుషులు చెబుతారు. తరువాతి కాలంలో భారత సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకులను ఊళ్లకు పంపించి, కరణాల దగ్గరున్న కవిలెల నుంచి, అంటే ఊరి లెక్కల పుస్తకాల నుంచి, ముసలివారి నోటి నుంచి ఊరి సంగతులు రాయించాడు. వాటినే కైఫియతులు అంటాం. అందులో గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ కరువులో ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరు నిలబెట్టారు అన్నవన్నీ ఉంటాయి. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆ తరువాత పాడైపోతున్న ఆ కాగితాలకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించి కొంతవరకు కాపాడాడు. కైఫియతులో కట్టుకథలు లేవా అంటే ఉన్నాయి. అయినా చెప్పినవాడు చెప్పినట్టు రాసిపెట్టారు కాబట్టే, ఏది కథో ఏది నిజమో ఇవాళ మనం రాళ్లతో సరిపోల్చి విడదీయగలుగుతున్నాం.

మీరూ మీ నాయనమ్మల, తాతల కైఫియతు రాయవచ్చు. అయితే "పూర్వం ఎలా ఉండేది?" అని అడిగితే "బాగుండేది" అన్న జవాబే వస్తుంది. "నీ పెళ్లినాటికి ఈ చెరువు కింద ఏం పండించేవారు, నీళ్లు వదిలేది ఎవరు, తూము దగ్గర తగాదా వస్తే ఎవరు తీర్చేవారు?" అని అడిగి చూడండి, మాట ఆగదు. వాళ్లు ఏళ్లను అంకెలతో చెప్పరు. కోస్తాలో ఉప్పెన వచ్చిన ఏడు అంటారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. తెలంగాణలో రజాకార్ల కాలం అంటారు. అది 1948 సెప్టెంబరుతో ముగిసింది. అలాంటి గుర్తులను తేదీలుగా మార్చుకోవడం శకానికి 78 కలపడం లాంటిదే. వాళ్లు వాడిన మాటను మాత్రం మార్చకండి, పుస్తకాల భాషలోకి దిద్దకండి. ఇంట్లో పాత ఫొటోలు ఉంటే వెనుకవైపు మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి, పెన్ను సిరా ఇవతలి వైపుకు దిగుతుంది.

నిర్లక్ష్యం వల్ల పోయినవాటిని గురించి చెప్పాలంటే మనసు కష్టపడుతుంది. అమరావతి మహాస్తూపం మీది బొమ్మల పలకల్లో ఎన్నో సున్నం కోసం కాల్చబడ్డాయి, మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు లండను, చెన్నై మ్యూజియంలలో ఉన్నాయి. నేను కళ్లారా చూసిన నష్టం చిన్నదే. నా చిన్నప్పుడు ఒక గుడి మండపంలో వేలితో తడుముతూ చదివిన శాసనం మీద, పండుగ ముస్తాబు పేరుతో కొందరు పెద్దలు భక్తితోనే పెయింటు మీద పెయింటు వేయించారు. దాని నకలు ఎవరూ తీసి ఉండలేదు. ఆ పంక్తుల్లో నాకు గుర్తున్నవి మూడు మాటలే.

కాబట్టి చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి హాని చేస్తే, 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దున్నుతుంటే నాణేలో విగ్రహమో బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. మీరు తవ్వకండి, కదిలించకండి, ఇంటికి తీసుకుపోకండి. వస్తువు దొరికిన చోటే దాని సగం చరిత్ర, చోటు మారితే ఆ సగం పోయినట్టే.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు. ఆ రోజు మనం చేసిన పని ఇంకా పూర్తి కాలేదు. రాయి మీది తూర్పు హద్దు దగ్గర ఒక అక్షరం పెచ్చు లేచిపోయింది. నేను దాన్ని పుట్ట అని చదివాను, మీలో ఒక అమ్మాయి గుట్ట అని చదివింది. తూర్పున గుట్ట లేదు కదమ్మా అన్నాను. ఆమె ఏమీ మాట్లాడకుండా అటువైపున్న కంకర గుంటకేసి చూపించింది. నేను అన్నేళ్లుగా ఆ రాయిని చూస్తున్నాను గాని, ఆ గుంటను ఎన్నడూ రాయితో కలిపి ఆలోచించలేదు. వచ్చే ఆదివారం ఎండ ఎక్కకముందే కట్ట మీదికి రండి, టార్చిలైటు నేను తెస్తాను. ఈలోగా ఊళ్లో ఎనభై దాటిన వాళ్లు ఎవరున్నారో కనుక్కుని, కంకర తీయకముందు అక్కడ ఏముండేదో అడిగి, చెప్పినవారి పేరు, మీరు అడిగిన తేదీ వేసి, వారి మాటల్లోనే రాసుకుని తీసుకురండి.

ఇట్లు,
మీ తాతయ్య