ఇంగ్లిష్ సిద్ధం, ఆట మాత్రం రాలేదు

2024 ఫిబ్రవరి 21న జపాన్‌లో గేమ్ కంపెనీ నింటెండో నడిపే చందా సేవ 'స్విచ్ ఆన్‌లైన్' వాడేవాళ్లకు 'మదర్ 3' అనే పాత వీడియో గేమ్ అందింది. అమెరికా, యూరప్ వాళ్లకు అందలేదు. దాంతో ఇంగ్లిష్‌లో ఎన్నడూ అధికారికంగా రాని ఈ ఆట గురించి పాత గొడవ మళ్లీ రాజుకుంది: మాకెప్పుడు?

ఈ ఆట సృష్టికర్త షిగెసాటో ఇటోయి ఎవరో, నింటెండో 64 అనే గేమ్ యంత్రం కోసం మొదలుపెట్టింది 2000లో ఎలా మూలపడిందో అభిమానులకు కంఠతా వచ్చు. అది వదిలేద్దాం. 2006 ఏప్రిల్‌లో చేత్తో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద ఆట విడుదలయ్యేసరికి ఆ యంత్రానికి చివరి రోజులు. ఈ సిరీస్‌లో అంతకుముందు ఆట 'ఎర్త్‌బౌండ్' పేరుతో 1995లో అమెరికా వెళ్లి దెబ్బతింది. కథలోని సున్నితమైన విషయాలకు భయపడి 'మదర్ 3'ను ఇంగ్లిష్‌లో తేకుండా ఆపారన్న పుకారు చాలాకాలం నడిచింది. అది కాదు, అప్పటి వ్యాపార పరిస్థితే కారణమని నింటెండో అమెరికా విభాగం మాజీ అధ్యక్షుడు రెజీ ఫిల్స్-ఎమే పదవి దిగాక చెప్పారు. కంపెనీ వైపు వాదన స్థూలంగా ఇంతే.

అసలు మలుపు 2008 అక్టోబర్ 17. వృత్తిరీత్యా అనువాదకుడైన క్లైడ్ మాండెలిన్, ఆయనతో కలిసిన కొద్దిమంది అభిమానులు దాదాపు రెండేళ్లు కూర్చుని ఆట మొత్తాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. మాటలు మారిస్తే సరిపోయే పని కాదది. జపనీస్ అక్షరాల కొలతకు కట్టిన తెరలో ఇంగ్లిష్ ఇమడదు. అందుకే అక్షరాలు చూపించే కోడ్‌నే తిరగరాయాల్సి వచ్చింది. కంపెనీ ఇంగ్లిష్‌లో తెస్తానంటే మేం ఆపేస్తామని ముందే చెప్పారు కూడా. ఆ ప్రకటన రాలేదు. వాళ్లు ఉచితంగా వదిలిన ప్యాచ్‌ను (అసలు ఆట ఫైలుకు కలిపితే ఇంగ్లిష్‌లోకి మార్చే ఫైలును) మొదటి వారంలోనే లక్షకు పైగా డౌన్‌లోడ్ చేసుకున్నారు.

2013లో మాండెలిన్ ఇంకో అడుగు వేశారు: నా అనువాదం ఊరికే ఇస్తాను, కావాలంటే దిద్దుకోండి. అయినా ఆట రాలేదు.

అందుకే ఇవాళ్టి గొడవ ఆటలో ఏముందో తెలియక కాదు. పట్టుదల ఉన్నవాళ్లు ఎప్పుడో ఆడేశారు. డబ్బిచ్చి, దొంగచాటు లేకుండా కొనుక్కోనివ్వమనే అడుగుతున్నారు.

అనువాదం ఖర్చే అడ్డంకి అనేవాళ్లు సిరీస్‌లో మొదటి ఆటను చూడాలి. దాన్ని 1990లో కంపెనీయే ఇంగ్లిష్ చేయించి అటకెక్కించింది. 'ఎర్త్‌బౌండ్ బిగినింగ్స్' పేరుతో దింపింది 2015 జూన్‌లో. 2022 ఫిబ్రవరిలో మొదటి రెండూ స్విచ్ చందాలోనూ చేరాయి. మూడోది కావాలంటే జపాన్ ఖాతా పెట్టుకుని జపనీస్‌లో ఆడుకోవాలి.