ట్యూబులో తగ్గిపోయే షుగర్

పెరంబూరులో ఉంటున్న మా పెద్దమ్మ రిపోర్టులో రెండు టైములున్నాయి. రక్తం తీసింది ఉదయం 6.40కి, ల్యాబ్‌కు చేరింది 10.15కి. పరగడుపు షుగర్ 98. "వంద దాటలేదురా" అని ఆమె సంబరపడింది. నాకు మాత్రం మధ్యలో గడిచిన మూడున్నర గంటల మీదే దిగులు. మే నెల చెన్నై ఎండలో, స్కూటర్ వెనక పెట్టెలో గడిచిన గంటలవి.

రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా అందులోని కణాలు బతికే ఉంటాయి, ట్యూబులోని గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, ఎండలో ఇంకా త్వరగా. అంటే 110 ఉన్న షుగర్ రెండు గంటల్లో 100 లోపుకు దిగిపోగలదు. మెషీన్‌లో ఏ లోపమూ ఉండదు. తన దగ్గరికి చేరిన రక్తంలో ఉన్నదే అది చెబుతుంది.

ల్యాబ్‌ల వాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. డాక్టర్ ఎం. విశ్వనాథన్ 1948లో ఇక్కడి స్టాన్లీ ఆసుపత్రిలో డయాబెటిస్ క్లినిక్ మొదలుపెట్టిన రోజుల్లో ఇప్పటిలా ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లడం లేదు. 1949లో అమెరికాలో జోసెఫ్ క్లైనర్‌కు రక్తం తీసే వాక్యూమ్ ట్యూబుకు పేటెంట్ వచ్చింది. మూత తీయకుండా రక్తాన్ని నింపి ఎంత దూరమైనా పంపే వీలు కలిగింది. దూరం పెరిగేకొద్దీ హద్దులు మాత్రం కిందికి దిగాయి. పరగడుపున 140 ఉంటేనే డయాబెటిస్ అనేవారు. 1997లో అమెరికా డయాబెటిస్ సంఘం దాన్ని 126 చేసింది. తర్వాత డయాబెటిస్‌కు ముందు దశ అయిన ప్రీడయాబెటిస్‌కు 100, గర్భిణులకు 92 వచ్చాయి. ఇంత దగ్గర గీతల మధ్య పది పాయింట్ల తేడా అంటే జబ్బు ఉందా లేదా అన్నదే మారిపోతుంది.

బూడిద రంగు మూత ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, దాంతో భయం లేదని చాలామంది నమ్మకం. కానీ ఫ్లోరైడ్ అడ్డుకునేది గ్లూకోజ్ విరిగే దారిలో చివరి మెట్ల దగ్గర. పై మెట్ల దగ్గర ఖర్చు మొదటి గంటా రెండు గంటలూ సాగుతూనే ఉంటుంది. సిట్రేట్ కలిపి రక్తాన్ని ఆమ్లంగా మారిస్తే మొదటి మెట్టే ఆగుతుందని జపాన్ పరిశోధకులు 1988లోనే చూపించారు. 2011 నాటి అమెరికా మార్గదర్శకాలు ట్యూబును వెంటనే మంచునీళ్లలో పెట్టి అరగంటలో ప్లాస్మాను, అంటే కణాలు పోగా మిగిలే ద్రవాన్ని, వేరు చేయమన్నాయి, కుదరకపోతే సిట్రేట్ ట్యూబు వాడమన్నాయి. డబ్లిన్‌లో 155 మంది గర్భిణుల రక్తాన్ని రెండు పద్ధతుల్లోనూ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. మామూలు పద్ధతిలో 14 శాతం మందికి గర్భిణీ డయాబెటిస్ తేలితే, మంచు పద్ధతిలో 38 శాతం మందికి తేలింది. అదే తల్లులు, అదే రోజు! ఈ లెక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్, 13.6 కోట్ల మందికి ప్రీడయాబెటిస్ ఉందని 2023లో లెక్క తేల్చిన అధ్యయనాన్ని నడిపించింది చెన్నై సంస్థే. ఊరూరా తిరిగిన ఆ బృందాలు షుగర్‌ను వేలి చుక్కతో అక్కడికక్కడే చూశాయి. సరైన పని అనిపిస్తుంది నాకు, రక్తం ఎదురుచూడాల్సిన పనే ఉండదు.

షుగర్ ఒక్కటే కాదు. ఆలస్యమైతే గ్లూకోజ్ విరిగితే వచ్చే లాక్టేట్ పెరుగుతుంది, అమైనో ఆమ్లాల్లో ఆర్జినిన్ తగ్గి ఆర్నిథిన్ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టాక తీసే సీరానికీ, గడ్డకట్టనివ్వకుండా తీసే ప్లాస్మాకూ కొలతలు వేరు. పోనీ ఫ్రిజ్‌లో పెడదామంటే కణాల్లోని పొటాషియం బయటికి కారి అది పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఏ పరీక్షకు ఏ ట్యూబో, ఎంత చలువో, ఎన్ని నిమిషాలో విడివిడిగా రాసుకోవాలి.

పెద్దమ్మను ఈసారి ఇంటికి మనిషిని పిలిపించుకోకుండా, రక్తాన్ని గిరగిరా తిప్పి ప్లాస్మాను వేరు చేసే సెంట్రిఫ్యూజ్ ఉన్న దగ్గరి ల్యాబ్‌కే నడిచి వెళ్లమన్నాను. హిమోగ్లోబిన్‌కు అంటుకున్న షుగర్‌ను బట్టి రెండు మూడు నెలల సగటు చెప్పే, ట్యూబులో కొన్ని గంటలున్నా మారని హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా రాయించాం. ఆమెకు రక్తం తక్కువ కాబట్టి దాని అంకెనూ జాగ్రత్తగానే చూడాలి. సోమవారం పొద్దున వెళ్తోంది.