పదిహేను నిమిషాల్లో పాలు రావు: ఉద్యోగం చేసే బాలింతకి సాయం ఎక్కడి నుంచి వచ్చింది

2018 ఎండాకాలంలో విశాఖ రుషికొండ ఐటీ కొండ మీద ఒక ఆఫీసులో, పాడైపోయిన మానిటర్లూ కాలు విరిగిన కుర్చీలూ పడేసే స్టోర్ రూమ్‌లో నేను రోజుకి రెండుసార్లు పాలు పిండుకునేదాన్ని. ఆ గదికి గడియ లేదు. పక్క సీటు అక్క తలుపుకి వీపు ఆనించి బయట నిలబడేది, ఎవరైనా వస్తే "ఐదు నిమిషాలాగి రండి" అనేది తప్ప ఎందుకో చెప్పేది కాదు. పంప్ చప్పుడు బయటికి వినబడుతుందేమోనని దానికి చున్నీ చుట్టేదాన్ని. పాపకి అప్పటికి నాలుగు నెలలు నిండి వారం. కాన్పుకి ముందు బీపీ పెరిగి ఎనిమిది వారాల సెలవు వాడేశాను కాబట్టి, చట్టం ఇచ్చిన 26 వారాల్లో నాకు మిగిలింది పద్దెనిమిదే.

ఆ ఆఫీసు చట్టం తప్పిందని చెప్పలేను. సెలవు ఇచ్చింది, జీతం ఇచ్చింది, మధ్యలో లేచి వెళ్ళొద్దని ఒక్కసారీ అనలేదు. అయినా ఆ స్టోర్ రూమ్ గతి ఎందుకు పట్టిందా అని నాకు చాలాకాలం బాధగా ఉండేది. తర్వాత మరో ఆఫీసులో బాలింతల కోసం గది ఏర్పాటు చేసే పని నా మీద పడినప్పుడు పాత చట్టాలు చదవడం మొదలుపెట్టాను, అప్పుడు కొంత అర్థమైంది. వందేళ్ళుగా చట్టాలు తల్లికి సమయం ఇస్తూ వచ్చాయి. ఆ సమయంలో ఆమె ఎక్కడ కూర్చోవాలి, పాలు కట్టేస్తే ఎవరిని అడగాలి అన్న సంగతి చట్టం పెద్దగా పట్టించుకోలేదు. అదంతా ఎప్పుడూ బయటివాళ్ళే చూసుకున్నారు.

మొదలు 1919. వాషింగ్టన్‌లో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ కార్మిక సమావేశంలో ప్రసూతి రక్షణ ఒప్పందం ఒకటి చేశారు. పాలిచ్చే తల్లికి పనిగంటల్లోనే రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట చొప్పున విరామం ఇవ్వాలని అందులో రాశారు. అదే రోజుల్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు చంటిపిల్లలకి కాస్త నల్లమందు పెట్టి, వాళ్ళు నిద్రపోతే పనికి వెళ్ళేవాళ్ళు. చూసుకునే మనిషి లేక, పాలివ్వడానికి మధ్యలో ఇంటికి వచ్చే వీలు లేక చేసిన పని అది. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద చర్చ వచ్చింది. మిల్లు యజమానుల మీద అంత బరువు వేస్తే ఎలా అని కొందరు అడ్డుపడ్డారు. డాక్టర్ అంబేడ్కర్ ఆ బిల్లుని సమర్థిస్తూ, కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఈ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలని అన్నారు. 1929లో ఆ చట్టం వచ్చింది. మన విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అక్కడ 1934లో మద్రాసు ప్రసూతి చట్టం చేశారు. దేశమంతటికీ ఒకే చట్టం రావడానికి మాత్రం 1961 దాకా పట్టింది. అందులో 11వ సెక్షన్ ప్రకారం బిడ్డకి పదిహేను నెలలు నిండేదాకా రోజుకి రెండు పాల విరామాలు ఇవ్వాలి. మంచి మాటే, కానీ గనుల్లో, సర్కస్‌లలో పనిచేసే ఆడవాళ్ళ కోసం 1963లో కేంద్రం రాసిన నిబంధనలు చూస్తే ఒక్కో విరామం పదిహేను నిమిషాలు. 1919 నాటి అరగంటలో సగం!

బిడ్డ పక్క గదిలో ఉంటే పదిహేను నిమిషాలు ఎలాగోలా సరిపోతాయేమో. పంప్‌తో పిండుకునేవాళ్ళకి చేతులు కడుక్కుని, కూర్చుని, ఒళ్ళు సడలించి, పాలు దిగేసరికే అందులో సగం అయిపోతుంది. టెన్షన్‌లో ఉంటే అసలు దిగవు. గడియ లేని తలుపు వైపు చూస్తూ కూర్చుంటే దిగనే దిగవు, ఇది నా అనుభవం.

పిల్లల్ని పెట్టుకునే చోటు గురించి ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది. మొదట 50 మంది ఆడవాళ్ళు దాటిన చోట క్రెష్ ఉండాలన్నారు, 1976లో దాన్ని 30కి దించారు. ఆడవాళ్ళ సంఖ్యని బట్టి లెక్క పెట్టడంతో యజమానులు ఆడవాళ్ళని తీసుకోవడమే తగ్గించుకుంటారన్న విమర్శ చాలాకాలం ఉంది. 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణలో ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలన్నారు, ఆ మార్పు మంచిది. క్రెష్‌లో ఉన్న బిడ్డని తల్లి రోజుకి నాలుగుసార్లు చూసి రావచ్చని కూడా అందులోనే ఉంది.

ఫ్యాక్టరీ గేటు బయట పనిచేసేవాళ్ళకి ఆ 1948 ఫ్యాక్టరీల చట్టం వర్తించలేదు. వాళ్ళకి సాయం బయటి నుంచే వచ్చింది. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు లేస్తున్నప్పుడు, ఆ మట్టిలో, ఎండలో కూలీల పిల్లలు పడి ఉండటం చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక డేరాలో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ అయింది. కట్టడం పని ఎక్కడికి కదిలితే క్రెష్ కూడా అక్కడికి కదిలేది, తల్లి మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్ళేది. మేస్త్రీకి గానీ కాంట్రాక్టరుకి గానీ తెలియని పని తెలిసినవాళ్ళు వచ్చి చేశారు. మన ఆఫీసులు ఇప్పుడు చేయాల్సింది కూడా అదే, తెలిసినవాళ్ళని పిలవడం.

విశాఖలో ఈ సమస్య ఆలస్యంగా బయటపడింది. పోర్టు, షిప్‌యార్డు, తర్వాత స్టీల్ ప్లాంటు, ఇవన్నీ ఎక్కువగా మగవాళ్ళు పనిచేసిన చోట్లు. క్వార్టర్స్ దగ్గర్లో ఉండేవి, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు కూడా మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి పాలిచ్చి రాగలిగేవాళ్ళు, ఇంట్లో అమ్మో అత్తో ఉండేది. తర్వాత దువ్వాడ ఎస్ఈజెడ్, అచ్యుతాపురంలో వేలాది ఆడవాళ్ళు పనిచేసే బట్టల ఫ్యాక్టరీ, మధురవాడ, రుషికొండ ఐటీ ఆఫీసులు వచ్చాయి. గాజువాకలో ఇల్లు, రుషికొండలో పని అయితే మధ్యాహ్నం ఇంటికెళ్ళి రావడం అయ్యే పని కాదు. అమ్మ శ్రీకాకుళంలో ఉంటుంది, మూడో నెల దాటాక పుట్టింటి నుంచి వచ్చేశాక అడగడానికి మనిషి ఉండదు.

ఫిషింగ్ హార్బర్ దగ్గర గంప పక్కనే బిడ్డని ఒళ్ళో వేసుకుని పాలిచ్చే అమ్మని చూసి ఎవరూ తల తిప్పుకోరు. ఆమెకి జీతంతో సెలవు లేదు, యజమాని లేడు కాబట్టి అడగడానికీ ఎవరూ లేరు, ఆ కష్టం వేరు. పాలివ్వడమంటే సిగ్గుపడాల్సిన పనన్న భావం మాత్రం నేను ఏసీ ఆఫీసులోనే చూశాను.

2017 ఏప్రిల్ 1 నుంచి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటకి ఇది సరిగ్గా సరిపోయినట్టు కనబడుతుంది. కానీ అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. ఒంట్లో బాగాలేనివాళ్ళు ముందే వాడేసుకుంటారు, అంటే ఎవరి కాన్పు కష్టమైందో వాళ్ళే బిడ్డ నాలుగు నెలలప్పుడు ఆఫీసుకి వచ్చేస్తారు. ఇద్దరు పిల్లలున్న తల్లికి మళ్ళీ కాన్పయితే మొత్తం 12 వారాలే. ఇలాంటివాళ్ళ కోసమైనా పాలు పిండుకునే గది ఉండాలని చట్టంలో స్పష్టంగా రాసి ఉంటే బాగుండేది.

గది ఉన్నా తెలిసిన మనిషి లేకపోతే సగం పనే అవుతుంది. మా దగ్గర గది పెట్టిన మొదటి నెలలో ఒక అమ్మాయి రెండు రోజులు వచ్చి మానేసింది. అడిగితే "పాలు ఆరిపోయాయక్కా" అంది. నిజానికి ఆమెకి పాలు కట్టేశాయి, రొమ్ము రాయిలా ఉంది, చెయ్యి వేస్తే జ్వరం. మాలో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. ఆమెని డాక్టరు దగ్గరికి పంపాం, తర్వాత అదే ఆసుపత్రిలో బాలింతలకి పాలివ్వడం నేర్పే సిస్టర్‌ని ఒక శనివారం మా ఆఫీసుకి రమ్మని అడిగాం. ఆవిడ ఒక ప్లాస్టిక్ బొమ్మ, గుడ్డతో కుట్టిన రొమ్ము తెచ్చారు. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి వలయం అంచుకి కాస్త వెనకగా పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్ళూ దగ్గరికి తెచ్చి వదలాలి, చర్మం మీద వేళ్ళు జారకూడదని చేసి చూపించారు. పంప్ లేకపోయినా చేత్తో ఇంత సులువుగా పిండొచ్చని అక్కడున్న ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో అయితే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయని, ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలో ఇంటికి తీసుకెళ్ళమని కూడా చెప్పారు. మే నెలలో మన ఊళ్ళో సంచి లేకుండా బస్సెక్కితే ఆ పాల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఎవరి సాయం తీసుకోకూడదో కూడా ఈ చరిత్రలోనే ఉంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల ప్రచారం మీద ఒక నియమావళి తెచ్చింది, 118 దేశాలు అవునన్నాయి, కాదన్నది అమెరికా ఒక్కటే. మన దేశం 1992లో చట్టమే చేసింది, 2003లో దాన్ని ఇంకా గట్టిచేసింది. రెండేళ్ళలోపు పిల్లలకి డబ్బాపాలు, పాలసీసాలు, డబ్బా ఆహారం గురించి ప్రకటనలు ఇవ్వకూడదు, శాంపిళ్ళు పంచకూడదు, అమ్మకం కోసం గర్భిణుల్ని, పసిపిల్లల తల్లుల్ని కలవకూడదు. అయినా ఒకసారి మా హెచ్ఆర్‌కి "తల్లీబిడ్డల పోషణపై ఉచిత సెషన్" అని ఒక మెయిల్ వచ్చింది. వెనక ఎవరున్నారో అడిగితే పిల్లల ఆహారం అమ్మేవాళ్ళు. వద్దన్నాం. ఉచితమని ఎవరైనా వస్తే ఖర్చు ఎవరు పెడుతున్నారో ముందు అడగండి. మా సిస్టర్‌కి మేం ఆటో ఖర్చులు, చిన్న గౌరవ వేతనం ఇస్తాం. ఆవిడ ఏ డబ్బా పేరూ ఎత్తరు. డబ్బాపాలు తప్పనిసరైన తల్లిని తప్పుపట్టకూడదని కూడా ఆవిడే మాకు చెప్పారు.

50 మంది లేని చోట్ల సంగతి ఇంకా కష్టం. ద్వారకానగర్, జగదాంబ దగ్గర బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయిలు, చిన్న ప్రైవేటు స్కూలు టీచర్లు, క్లినిక్‌లో రిసెప్షనిస్టు, వీళ్ళ యజమాని క్రెష్ పెట్టాలని ఏ చట్టమూ అనదు. వీళ్ళకి దగ్గర్లోని అంగన్‌వాడీ, ఆ వీధి ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్, వీళ్ళే దిక్కు. 2022 నుంచి పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీలని క్రెష్‌తో కలిపి నడిపే ఏర్పాటు ఉంది. ఒక షాపు యజమాని ఆ వార్డు ఆశా అమ్మ ఫోన్ నంబరు తన దగ్గర పెట్టుకోవడం, ట్రయల్ రూముల్లో ఒకదానికి లోపలి గడియ పెట్టించి కుర్చీ వేయించడం పెద్ద ఖర్చేమీ కాదు, అడిగిన ఇద్దరిలో ఒకరు చేశారు కూడా.

2025లో రెండు మార్పులు వచ్చాయి. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో ఫీడింగ్ రూముల కేసులో తీర్పు ఇస్తూ, బయటా పనిచేసే చోటా పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని చెప్పింది. నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. 1961 చట్టంలోని పాల విరామాలూ, 2017లో వచ్చిన క్రెష్ నియమమూ ఇప్పుడు అందులోకే వచ్చాయి. నాకు అందులో నచ్చింది ఒక చిన్న వాక్యం. ప్రతి సంస్థా సొంతంగా క్రెష్ పెట్టనక్కర్లేదు, ప్రభుత్వానిదో, మున్సిపాలిటీదో, స్వచ్ఛంద సంస్థదో, ప్రైవేటుదో వాడుకోవచ్చు, లేదా కొన్ని సంస్థలు డబ్బులు కలిపి ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. బయటి సాయం తీసుకోవచ్చని చట్టమే ఇంత స్పష్టంగా చెప్పడం చూసి ఆ కాగితం ప్రింట్ తీసి మా పై అంతస్తు వాళ్ళకీ, పక్క బిల్డింగ్ వాళ్ళకీ ఇచ్చి వచ్చాను.

ఉమ్మడి క్రెష్‌కి మూడు ఆఫీసులూ సరేనన్నాయి. క్రెష్ పనిచేసే చోటికి 500 మీటర్ల లోపు ఉంటే మంచిదని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, మా చుట్టూ ఉన్నవన్నీ ఆఫీసులే, అద్దెకి ఇల్లు లేదు. ఎండాడలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లొకటి చూశాం, పిల్లలకి వాకిలి కూడా ఉంది, కానీ అంత దూరమైతే విరామంలో తల్లి వెళ్ళి రాలేదు. ఇప్పుడు పక్క బిల్డింగ్‌లో ఖాళీగా ఉన్న క్యాంటీన్ హాలు అడుగుతున్నాం. ఓనరు గారు పై వారం రమ్మన్నారు. సిస్టర్‌ని కూడా వెంట తీసుకెళ్తున్నాను, మంచం ఎక్కడ వేయాలో, నీళ్ళ కుళాయి ఎక్కడ ఉండాలో ఆవిడ చూసి చెబుతారు.