‘ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది’: యాంటీబయాటిక్స్‌పై అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో ఆస్పత్రి ల్యాబులో మైక్రోబయాలజీ చూస్తుంటాను. కల్చర్ (శాంపిల్‌లోని క్రిమిని పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టు తీసుకోవడానికి వచ్చేవాళ్లు తరచూ అనే మాటలివి.

అపోహ: ఒళ్లు మందుకు అలవాటు పడింది, అందుకే పనిచేయట్లేదు.

వాస్తవం: మీ ఒంట్లో మార్పేమీ లేదు, మారింది బ్యాక్టీరియా. ఉదాహరణకు, మందుని విరిచేసే ఎంజైము తయారీకి కావాల్సిన జన్యువు దానికి దొరికి ఉండొచ్చు. ఇలాంటి జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చక్రం మీద ఉంటాయి. జాతి వేరైనా సరే, ఒక బ్యాక్టీరియా దాన్ని పక్కదానికి అందించేస్తుంది. మన పేగుల్లోనే ఈ.కోలై అనే బ్యాక్టీరియా నుంచి క్లెబ్సియెల్లా అనే మరో జాతికి చేరుతుంది. అందుకే యాంటీబయాటిక్ ఎన్నడూ మింగని మనిషికీ మొండి ఇన్ఫెక్షన్ రావచ్చు.

అపోహ: మందులకు లొంగని క్రిమే అన్నిటికన్నా ప్రమాదకరం.

వాస్తవం: మందుని తట్టుకునే జన్యువులు వేరు, రోగాన్ని ముదరబెట్టే విరులెన్స్ జన్యువులు వేరు. క్లెబ్సియెల్లానే చూడండి. ల్యాబులో క్రిమిని పెంచే ప్లేటు మీది కాలనీని (క్రిముల గుంపుని) లూపు అనే సన్నటి పుల్లతో తాకి పైకి లాగితే ఒక్కోసారి జిగటగా తీగ సాగుతుంది. అది 5 మిల్లీమీటర్లు దాటిందంటే మాకు అనుమానం మొదలవుతుంది. ఆర్‌ఎంపీఏ లాంటి జన్యువులతో చుట్టూ మందమైన పొర కట్టుకున్న రకం కావచ్చు. షుగరు ఉన్నవాళ్లకే కాదు, ఆరోగ్యంగా తిరిగేవాళ్లకీ లివర్‌లో చీముగడ్డ తెప్పిస్తుంది. అయినా చాలాకాలం మామూలు మందులకే లొంగేది. ఐసీయూల్లో ఎక్కువగా దొరికే రకం తీరు వేరు. ఎన్‌డీఎం, ఆక్సా-48 జన్యువులతో కార్బపెనెమ్‌లు అనే బలమైన యాంటీబయాటిక్స్‌నే లెక్కచేయదు, కానీ గట్టి మనిషిని పడగొట్టే సత్తా తక్కువ. ఈ రెండు గుణాలూ ఒక్కదానిలోనే చేరడమే నా భయం. మన దేశంలోనూ అలాంటివి బయటపడ్డాయి.

అపోహ: రిపోర్టులో ఏ మందుకి జోన్ (ప్లేటు మీద మందు బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయం) పెద్దగా ఉంటే అదే గొప్ప మందు.

వాస్తవం: కాదు. ఒక్కో మందుకి కొలత వేరు. మిల్లీమీటర్లు పోల్చకండి.

అపోహ: ఇదంతా ఆస్పత్రుల గొడవ.

వాస్తవం: ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల రైతులకీ సంబంధించిందే. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ రోగం వైరస్‌తో వస్తుంది, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. దానికి యాంటీబయాటిక్ చల్లితే డబ్బు దండగ, పైగా చెరువులో మొండి బ్యాక్టీరియా మిగులుతుంది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ని కోళ్లకు, చేపలకు, రొయ్యలకు వాడకూడదని కేంద్రం 2019లోనే నిషేధించింది.

అపోహ: ముందు మందు వేసి చూద్దాం, తగ్గకపోతే కల్చర్ చేయిద్దాం.

వాస్తవం: ఒక్క డోసు పడ్డా ప్లేటు మీద ఏమీ పెరగకపోవచ్చు. కల్చర్ రాశారంటే శాంపిల్ ముందు ఇవ్వండి, ఆ వెంటనే మందు మొదలుపెడతారు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. అది చూసి డాక్టరుగారు మందు మారిస్తే మొదట ఇచ్చింది తప్పని కాదు, క్రిమి ఏదో ఇప్పుడు తెలిసిందని.